రాస్ప్‌బెర్రీ పై తీసేసి నెట్‌వర్క్ ప్లేయర్ కొంటే సౌండ్ మారుతుందా?

ప్రశ్న: పాత స్టీరియో ఆంప్లిఫయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, దాని నుంచి యూఎస్‌బీ డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె). పాటలన్నీ సీడీల నుంచి తీసిన ఫ్లాక్ ఫైళ్లే (నాణ్యత పోకుండా కుదించినవి). నిన్న షాపులో ఖరీదైన నెట్‌వర్క్ ప్లేయర్ (నెట్‌వర్క్ నుంచి పాటలు తీసుకుని వినిపించే పెట్టె) విన్నాను, వీణ తీగ మీటాక నాదం సన్నగా కరిగిపోయేదాకా వినపడింది. ఇంట్లో అలా రావట్లేదండీ. మార్చేయనా?

జవాబు: తొందరపడకండి. అక్కడ గది వేరు, స్పీకర్లు వేరు, వాల్యూమ్ కూడా వేరు కదా. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవికి అదే బాగుందనిపిస్తుంది. రెండు ప్లేయర్లనీ మీ డాక్‌కే కలిపి, 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ సమానం చేసి, ఏది మోగుతోందో చూడకుండా వినండి. నేనలా విన్నప్పుడు తేడా పట్టుకోలేకపోయాను.

జవాబు: డాక్ డిస్‌ప్లేలో ఎంత చూపిస్తోంది? సీడీ ఫైలుకి 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకి 44,100 శాంపిళ్లు) రావాలి, 48 వస్తే మధ్యలో రాస్ప్‌బెర్రీ పై మార్చి పంపుతున్నట్టే. ప్లేయర్ అనలాగ్ అవుట్ వాడితే మాత్రం దాని లోపలి డాక్ పలుకుతుంది, అప్పుడు తేడా ఉండొచ్చు. స్పీకర్లు గోడకి ఆనించారా?

ప్రశ్న అడిగినవారు: 48 చూపించింది! సెట్టింగ్ మార్చాను. స్పీకర్లు నిజంగానే గోడకి ఆని ఉన్నాయి, రెండడుగులు ముందుకి జరిపితే బేస్ మోత తగ్గి వీణ తేటగా వినిపిస్తోంది. ప్లేయర్ కొనట్లేదు.