ట్యూబ్ స్క్రీమర్ కడుతున్నాను: కాళ్ల ఐసి కొనాలా, ఎస్ఎమ్‌డి కొనాలా?

మూడోఫ్రెట్:
అందరికీ నమస్తే. గిటార్‌కి ఓవర్‌డ్రైవ్ పెడల్ (సౌండ్‌ని కాస్త గరుకుగా చేసేది) సొంతంగా కట్టుకుంటున్నాను. ట్యూబ్ స్క్రీమర్ అనే పేరున్న పెడల్ సర్క్యూట్, 1590బి అనే సైజు డబ్బా. ఇంతకుముందు జీరో పిసిబి (రంధ్రాలున్న ఖాళీ బోర్డు) మీద చిన్న బూస్టర్ ఒకటి చేశాను, బాగానే పనిచేస్తోంది. ఇప్పుడు పేచీ ఐసి దగ్గర వచ్చింది. మా బావ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేస్తాడు. "డిఐపి (రంధ్రాల్లో దిగే కాళ్ల ఐసి) కాలం అయిపోయింది, నేర్చుకునేదేదో ఎస్ఎమ్‌డి (బోర్డు పైనే అతికించే చిన్న పార్టులు) మీదే నేర్చుకో, బోర్డు బయట చేయించు" అంటాడు. మా గిటార్ మాస్టారేమో "కాళ్ల ఐసి కొని బేస్‌లో (ఐసి గుచ్చే సాకెట్‌లో) పెట్టు, సౌండ్ కూడా దాంట్లోనే బాగుంటుంది" అంటారు. ఎవరి మాట వినాలి? ఈ పెడల్ ఆదివారం చర్చిలో వాయించడానికి, షోకేస్‌లో పెట్టుకోవడానికి కాదు.

కోఠి_కెపాసిటర్:
డిఐపి. ఇంకో ఆలోచనే వద్దు తమ్ముడూ. ట్యూబ్ స్క్రీమర్‌లో ఉండే 4558 ఐసి మన దగ్గర బాస్-ట్రెబుల్ బోర్డుల్లో వాడేదే. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఐసి, బేస్ రెండూ చేతిలో పెడతారు. డిఐపి కాళ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, జీరో పిసిబి రంధ్రాల మధ్య దూరమూ అంతే. ఎస్ఓఐసి అనే ఎస్ఎమ్‌డి ఐసి కాళ్ల దూరం అందులో సగం, 1.27. దాన్ని జీరో పిసిబి మీద కూర్చోబెట్టాలంటే మధ్యలో అడాప్టర్ బోర్డు కావాలి. అలాంటప్పుడు ఎస్ఎమ్‌డి కొని ఏం లాభం?

లెడ్‌వాసన:
జీరో పిసిబి మీదే కట్టాలని రూలేమైనా ఉందా అన్నా? బోర్డు చేయించుకోవడం ఇప్పుడు పెద్ద ఖర్చేం కాదు. ఎస్ఓఐసి అంటే అందరూ అనవసరంగా టెన్షన్ పడతారు గానీ, 8 కాళ్ల ఐసి సోల్డర్ చేయడం 5 నిమిషాల పని. ముందు మూలన ఉన్న ఒక ప్యాడ్‌కి కొంచెం లెడ్ (సోల్డర్) పట్టించాలి. ట్వీజర్‌తో ఐసిని పట్టుకుని ఆ కాలు ఒక్కటే అతికించాలి. మిగతా 7 కాళ్లూ ప్యాడ్ల మీదకు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవాలి. వంకరగా ఉంటే అదొక్కటే మళ్లీ వేడిచేసి జరపొచ్చు. తర్వాత ఎదురు మూల కాలు, ఆ తర్వాత మిగతావి. ఫ్లక్స్ (లెడ్ బాగా అంటుకోవడానికి రాసేది) మాత్రం ధారాళంగా రాయాలి, ఐరన్ 320-350 డిగ్రీల మధ్య ఉండాలి. రెండు కాళ్లు కలిసిపోతే విక్‌తో (లెడ్ పీల్చే రాగి అల్లికతో) లాగేస్తే సరి. 1వ కాలు ఎటువైపో చుక్క చూసి తెలుసుకోవాలి. చుక్క కనబడకపోతే పక్క నుంచి చూడండి. చాలా ఎస్ఓఐసిలకు ఒక అంచు ఏటవాలుగా చెక్కినట్టు ఉంటుంది, 1వ కాలు ఆ వైపే.

ఇంకోమాట. బేస్ లేకుండా రెండు వైపుల బోర్డులోకి దింపిన డిఐపిని ఎప్పుడైనా తీశారా? కాళ్లు ఒక్కొక్కటీ కత్తిరిస్తే తప్ప రాదు. అదే ఎస్ఓఐసి అయితే రెండు వరసల మీదా లెడ్ నిండుగా పోసి, అటూ ఇటూ వేడిచేస్తుంటే జారిపోతుంది.

కోఠి_కెపాసిటర్:
బేస్ లేకుండా డిఐపి ఎవడు పెట్టమన్నాడు?

నాదం_9వోల్ట్స్:
సౌండ్ సంగతి ఎవరూ మాట్లాడరేంటి? పాత ట్యూబ్ స్క్రీమర్ 808 పెడల్‌లో ఉన్నది జెఆర్‌సి4558డి, అంటే డిఐపి. ఎస్ఎమ్‌డి బోర్డున్న పెడల్స్ కొన్ని వాయించాను. పలుచగా, గాజు మీద గీకినట్టు ఉంటాయి. మాస్టారు చెప్పిందే కరెక్ట్.

బైపాస్:
నాదం గారూ, మీరు విన్నదాన్ని కాదనను. కారణం మాత్రం ఐసి ఒంటి సైజు కాదు. ఒకే కంపెనీ ఒకే నంబరుతో డిఐపి, ఎస్ఓఐసి రెండూ అమ్ముతోందంటే లోపల సాధారణంగా ఒకే సిలికాన్ ముక్క ఉంటుంది. బయటి నల్ల ప్లాస్టిక్, కాళ్లే వేరు. గిటార్ సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో కాలు పొడవు వల్ల తేడా రాదు.

మరి ఎస్ఎమ్‌డి పెడల్స్‌కి ఆ పేరెందుకు వచ్చిందంటే, ఐసి చుట్టూ ఉన్న కెపాసిటర్లను చూడండి. కాళ్ల బోర్డులో సిగ్నల్ దారిలో పాలిస్టర్ కెపాసిటర్లు వాడతాం. ఎస్ఎమ్‌డికి మారగానే చోటు కోసం, ధర కోసం అక్కడ ఎక్స్7ఆర్ అనే రకం సిరామిక్ కెపాసిటర్ వేస్తారు. దాని మీద వోల్టేజ్ మారితే కెపాసిటెన్స్ కూడా మారుతుంది, అక్కడ డిస్టార్షన్ చేరుతుంది. పైగా అది పీజో లాంటిది, అంటే దెబ్బ తగిలితే వోల్టేజ్ పుట్టిస్తుంది. గెయిన్ పెంచి డబ్బా మీద వేలితో కొడితే స్పీకర్‌లో టక్‌మని వినిపిస్తుంది. చిన్న విలువలకు సి0జి అనే నిలకడైన సిరామిక్ వేసి, 47 నానోఫారడ్ లాంటి పెద్దవాటికి ఫిల్మ్ కెపాసిటర్ ఉంచితే ఈ గొడవ ఉండదు. ఐసి ఎస్ఎమ్‌డి, కెపాసిటర్లు కాళ్లవి, రెండూ ఒకే బోర్డు మీద కలిపి పెట్టుకోవచ్చు. ఈ చర్చలో అందరూ ఏదో ఒక పార్టీలో చేరాలన్నట్టు మాట్లాడుతున్నారు గానీ ఆ అవసరం లేదు.

మూడోఫ్రెట్, నీకు చెప్పేది ఒకటే. ప్యాకేజీని పెడల్ మొత్తానికి కలిపి తేల్చకు, ఒక్కో పార్టుకి విడిగా తేల్చుకో. ఈ పెడల్‌లో ఉన్నది ఒకే ఒక్క డ్యుయల్ ఆప్-యాంప్ (సిగ్నల్ పెంచే సర్క్యూట్లు రెండున్న ఐసి), అదే 4558. అది డిఐపిలో సులువుగా దొరుకుతుంది, రేపు ఇంకో నంబరు పెట్టి వినాలనిపిస్తుంది కూడా. కాబట్టి బేస్, డిఐపి. అదే రివర్బ్ కట్టడానికి ఎఫ్‌వి-1 అనే డిజిటల్ ఎఫెక్ట్ ఐసి వాడాలనుకున్నావనుకో. అది 28 కాళ్ల ఎస్ఓఐసిగానే తయారైంది, అక్కడ నీ ఇష్టంతో పనిలేదు. జె201 జెఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) కూడా దాదాపు అంతే. కాళ్ల రకాన్ని చాలా కంపెనీలు ఆపేశాయి, పాత స్టాక్ పేరుతో అమ్మేవాటిలో నకిలీలు ఎక్కువ. ఎస్ఓటి-23 అనే చిన్న ఎస్ఎమ్‌డి ప్యాకేజీలో వచ్చే ఎమ్‌ఎమ్‌బిఎఫ్‌జె201 కొని చిన్న అడాప్టర్ మీద అతికించుకోవడం మేలు.

కొనేటప్పుడు చివరి అక్షరం చూడటం మర్చిపోకు. జెఆర్‌సి వాళ్ల 4558డిలో "డి" అంటే డిఐపి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఆర్‌సి4558డిలో అదే "డి" అంటే ఎస్ఓఐసి, వాళ్ల డిఐపికి చివర "పి" ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఉత్త "4558డి" అని వెతికితే రెండూ కలిసి వస్తాయి.

తీగలపల్లి:
ఆ "డి" సంగతి ఎవరైనా పిన్ చేసి పెట్టండి బాబూ. మా బ్యాండ్‌లో కుర్రాడికి 10 ఐసిలు బియ్యపు గింజల్లా వచ్చాయి. షాపువాళ్లు వాపసు తీసుకోం అన్నారు.

లెడ్‌వాసన:
బైపాస్ గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటా. బేస్ ఒక్కటి ఒప్పుకోను. పెడల్ అంటే కాలితో తొక్కేది, బండి డిక్కీలో ఊళ్లు తిరిగేది. చవక బేస్‌లో కాంటాక్టులు వదులవుతాయి, తుప్పు పడతాయి. సరిగ్గా సోలో టైమ్‌లో కరకరమంటుంది. మా దగ్గర, కాకినాడ లాంటి ఊళ్లో, ఉప్పుగాలికి ఇంకా తొందరగా పాడవుతాయి.

కోఠి_కెపాసిటర్:
చవక బేస్ కొనకు, గుండ్రటి రంధ్రాల మెషిన్డ్ బేస్ కొను. అప్పుడు ఐసి అంత తేలిగ్గా ఊడదు. సాయంత్రం ఐసి పోతే ఐరన్ లేకుండా గోటితో లేపి కొత్తది పెట్టుకుని రాత్రి ప్రోగ్రామ్ వాయించొచ్చు. నీ ఎస్ఎమ్‌డి బోర్డు పోతే స్టేజి వెనక విక్, ఫ్లక్స్ పట్టుకుని కూర్చుంటావా?

లెడ్‌వాసన:
ఆప్-యాంప్ అలా ఊరికే పోదన్నా. ఎవరో పవర్ అడాప్టర్ ప్లస్-మైనస్ తిరగేసి పెడితే పోతుంది. అందుకు ఒక డయోడ్ వేస్తే చాలు, బేస్ అక్కర్లేదు.

నాదం_9వోల్ట్స్:
కెపాసిటర్ల మాట నాకు తట్టలేదు, అది చూస్తాను. కానీ ఐసి మార్చి వినడం అనే సరదా వేరు. ర్యాట్ అనే డిస్టార్షన్ పెడల్‌కి ఆ గొంతు వచ్చింది ఎల్ఎమ్308 ఆప్-యాంప్ వల్లే. దాని స్లూ రేట్ (అవుట్‌పుట్ వోల్టేజ్ మారగలిగే వేగం) మైక్రోసెకనుకు 0.3 వోల్ట్ చుట్టూ ఉంటుంది, అంత నిదానం కాబట్టే పైచప్పుడు మెత్తబడుతుంది. అక్కడ టిఎల్072 కుటుంబంలోని వేగమైన ఐసి పెడితే వెంటనే తెలిసిపోతుంది. తర్వాత కంపెనీవాళ్లే ఓపి07కి మారారు, దాని వేగం కూడా దాదాపు అంతే. ఇవన్నీ బేస్ ఉంటేనే కదా మార్చి వినగలిగేది!

బైపాస్:
ఒప్పుకున్నాను. అయితే మార్చి వినాలని కనబడిన కొత్త ఎస్ఎమ్‌డి ఐసినల్లా అడాప్టర్ మీద ఎక్కించకండి, ముందు డేటాషీట్‌లో గరిష్ఠ వోల్టేజ్ చూడండి. బ్యాటరీ పరికరాల కోసం చేసినవాటిలో చాలావాటికి 5.5 వోల్ట్‌లే హద్దు. పెడల్‌లో వచ్చేది 9.

తీగలపల్లి:
చోటు మాటేంటి? ఎస్ఎమ్‌డి అయితే డబ్బా చిన్నదవుతుందిగా.

బైపాస్:
1590బి అంటే సుమారు 112 × 60 × 31 మిల్లీమీటర్లు. అందులో చోటు తినేది ఫుట్‌స్విచ్, రెండు జాక్‌లు, మూడు పాట్‌లు (తిప్పే కంట్రోళ్లు). డిఐపి తీసుకునేది 10 × 8 మిల్లీమీటర్లే. 93 × 39 సైజున్న 1590ఎలోకి దూర్చాలంటే అప్పుడు ఎస్ఎమ్‌డి గురించి ఆలోచించాలి.

మూడోఫ్రెట్:
అందరికీ థాంక్స్. డిఐపి 4558 రెండు, మెషిన్డ్ బేస్ ఒకటి, పవర్ అడాప్టర్ తిరగబడితే కాపాడే డయోడ్ ఒకటి తీసుకుంటున్నాను. జీరో పిసిబి మీదే కడతాను. లెడ్‌వాసన గారూ, ప్రాక్టీసు కోసం నాలుగు ఎస్ఓఐసిలు, అడాప్టర్ బోర్డులు కూడా తెప్పిస్తున్నాను. దీని తర్వాత ఫేజ్ 90 అనే ఫేజర్ పెడల్ (సౌండ్ ఊగినట్టు చేసేది) కట్టాలని ఉంది. దానికీ బేస్ పెట్టుకోవచ్చా?

లెడ్‌వాసన:
దాంట్లో అసలు పని ఆప్-యాంప్‌ది కాదు, నాలుగు జెఫెట్లది. నాలుగూ దాదాపు ఒకే వోల్టేజ్ దగ్గర కట్ఆఫ్ అవ్వాలి (కరెంటు ఆగిపోవాలి), లేకపోతే ఊపు సరిగ్గా రాదు. ఒకే నంబరు జెఫెట్లలోనే ఎంత తేడా ఉంటుందో చూడు: 2ఎన్5457 డేటాషీట్‌లో కట్ఆఫ్ మైనస్ 0.5 నుంచి మైనస్ 6 వోల్ట్‌ల దాకా ఇచ్చారు. ఓ గుప్పెడు కొని ఒక్కొక్కటీ కొలిచి, కలిసే నాలుగింటిని ఏరుకోవాలి.

కోఠి_కెపాసిటర్:
కొలిచేటప్పుడు కాళ్లుంటే బ్రెడ్‌బోర్డులో గుచ్చి పక్కన పెట్టేయొచ్చు. ఎస్ఓటి-23లయితే ఒక్కోదాన్నీ అడాప్టర్‌కి అతికించాకే కొలవాలి. అది మాత్రం చెప్పవేం?

లెడ్‌వాసన:
కాళ్లవి అసలువి దొరికే షాపు చూపించన్నా, ఇప్పుడే వచ్చి కొంటా.