‘ద్రావవచ్చు’నా, ‘త్రాగవచ్చు’నా? (స్టైరీన్ డ్రమ్ము మీది ‘వచ్చు’ గురించి కూడా)

రెజిన్ షెడ్డు:
‘తివిరి యిసుమునఁ దైలంబు’ పద్యం రెండో పాదంలో ‘నీరు ద్రావవచ్చు’నా, ‘నీరు త్రాగవచ్చు’నా? ఇసుక నుంచి నూనె తీయవచ్చు, ఎండమావిలో నీరు తాగవచ్చు, తిరిగి కుందేటికొమ్మూ సాధింపవచ్చు, మూర్ఖుని మనసు మాత్రం రంజింపరాదు అనే పద్యమే. రెండు మాటలూ నోట్లో ఆడుతున్నాయి. ఏది ముందు నేర్చుకున్నానో తేలడం లేదు.

ఈ పద్యం ఇప్పుడు ఎందుకు పట్టుకుందో చెప్తాను. మేం ఫైబర్ గ్లాస్ ట్యాంకులు చేస్తాం. రెజిన్ పల్చబడేది స్టైరీన్ అనే ద్రవంతోనే. డ్రమ్ముతో పాటు వచ్చే డేటా షీట్ ఇంగ్లీషులో ఉంటుంది, పని చేసేవాళ్ళలో ఎక్కువమంది అది చదవలేరు. అందులో ప్రమాదాలు చెప్పే రెండో విభాగాన్ని తెలుగులో రాసి గోడకు కట్టాలని కూర్చున్నాను. ఒకచోట ‘శ్వాసనాళం మండవచ్చు’, ఇంకోచోట ‘మింగినది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోవచ్చు’. మా హెల్పర్ విని, ‘పోవచ్చు అంటే పోకపోవచ్చు కూడా గదా సార్’ అన్నాడు. వెంటనే ఈ పద్యంలోని మూడు ‘వచ్చు’లూ గుర్తొచ్చాయి. ఏనుగు లక్ష్మణకవి వాటిని అనుమానంగా అన్నాడా? పెద్దలు చెప్పాలి.

పాత ముద్రణలు:
‘ద్రావవచ్చు’. త్రావు, త్రాగు రెండూ ఉన్న ధాతువులే గానీ లక్ష్మణకవి చెవికి ‘వ’ తర్వాత ‘వ’ రావడం ఇంపు. ద్రావ, వచ్చు అని పలికి చూడండి, నాలుక జారిపోతుంది. ‘గ’ పెడితే మధ్యలో గతుకు. బడి పుస్తకాలకు ‘త్రావు’ కొత్తగా కనిపించి ‘త్రాగు’ చేసుకున్నాయని నా నమ్మకం. ఆ చేత్తోనే ‘దైలంబు దీయ’ను ‘తైలంబు తీయ’ చేశాయి.

తేటగీతి ప్రియ:
ఇంపు అనేది సాక్ష్యం కాదండీ. యతి చూడండి. రెండో పాదం మొదట ఉన్న ‘తవిలి’లో తకారానికి త్రా అయినా ద్రా అయినా చెల్లుతుంది. గణమూ అంతే, ‘త్రాగ’ గలం (గురువు, లఘువు), ‘ద్రావ’ గలం. ఛందస్సు ఈ తగువు తీర్చదు.

అసలు ప్రశ్నకు మాత్రం ఛందస్సు కొంత పనికొస్తుంది. మూడు పాదాల చివర ‘వచ్చు’, నాలుగో పాదంలో సరిగ్గా అదే చోట ‘రాదు’. రెండూ గలాలే. ఒకదాని స్థానంలో రెండోది కూర్చోబెట్టాడు కాబట్టి అవి ఎదురెదురు మాటలు. ‘రంజింపరాదు’ అంటే రంజింపజేయడం కుదరదని. అయితే ‘తీయవచ్చు’ అంటే తీయడం కుదురుతుందని. ‘ఏమో, తీస్తారేమో’ అనే అర్థానికి అక్కడ చోటు లేదు.

సంస్కృతం మాస్టారు:
మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకం దగ్గరికి వెళ్తే ఇంత దూరం రానక్కర్లేదు. ‘లభేత సికతాసు తైలమపి యత్నతః పీడయన్’. లభేత, పిబేత్, ఆసాదయేత్, ఆరాధయేత్, నాలుగూ విధిలిఙ్ (‘చేయాలి’, ‘చేయవచ్చు’ వంటి అర్థాలిచ్చే క్రియ) రూపాలే. ‘సాధ్యం’ అనే శక్యార్థంలో వాడాడు భర్తృహరి. మీరు గమనించాల్సింది మూడో పాదంలోని ‘కదాచిదపి’. ఎప్పుడో ఒకప్పుడు అని. కుందేటికొమ్ముకు మాత్రమే ఆ మాట తగిలించాడు, నూనెకు తగిలించలేదు. అంటే ‘కావడం సాధ్యం’ వేరు, ‘ఎంత తరచుగా అవుతుంది’ వేరు అని ఆయన లెక్క. లక్ష్మణకవి దాన్ని ‘తిరిగి’ అని ఒక్క మాటలో తేల్చేశాడు, ఆ తేడా తెలుగులో పోయింది.

పాత ముద్రణలు:
మాస్టారూ, ‘తిరిగి’ అనేది ‘పర్యటన్’కు అనువాదం. కదాచిత్తును వదిలేశాడు అనండి, తేల్చేశాడు అనకండి. నాలుగు పాదాల తేటగీతిలో శార్దూలమంత, పృథ్వి అంత చోటు ఉండదు.

ల్యాబు గది:
పద్యం మీకు వదిలేసి డ్రమ్ము సంగతి చెప్తాను, ఎందుకంటే గోడ మీద రాసేది మనుషులు నమ్ముకునే రాత.

రెజిన్ షెడ్డు గారూ, ఆ షీట్లలో మీరు ‘వచ్చు’ అని దించిన ‘మే’ అనే ఇంగ్లీషు మాట అన్నిచోట్లా ఒకే మెట్టు మీద ఉండదు. పదేపదే పీలిస్తే అవయవం చెడడం అనే ప్రమాదం తీసుకోండి. తక్కువ మోతాదుకే చెడుతుందని గట్టి ఆధారం ఉంటే మొదటి వర్గం. వాక్యం ‘దెబ్బతీస్తుంది’ అని నేరుగా ఉంటుంది, హెచ్ 372 (హెచ్ అంకెలు ప్రమాద వాక్యాల గుర్తు సంఖ్యలు). స్టైరీన్‌కు ఐరోపా వర్గీకరణ ఇదే, దెబ్బతినేది వినికిడి. ఓ మోస్తరు మోతాదు దగ్గర జంతువుల్లో కనిపిస్తే రెండో వర్గం, హెచ్ 373, అక్కడ ‘మే’ చేరుతుంది. కాబట్టి ఇక్కడ ‘మే’ కింది మెట్టు.

క్యాన్సర్ దగ్గరికి వస్తే తలకిందులు. హెచ్ 350లో ‘మే’ ఉంటుంది, అదే పై మెట్టు. దాని కింద హెచ్ 351, ‘అనుమానం’. బెంజీన్ మనుషుల్లో రక్త క్యాన్సర్ తెస్తుందన్న దాంట్లో శాస్త్రానికి సందేహం లేదు, 1ఏ వర్గం. అయినా దాని మీద రాసేది ‘మే’తోనే. ఆ ‘మే’ పదార్థానికి ఉన్న శక్తిని చెబుతోంది. ముట్టుకున్న ప్రతివాడికీ వస్తుందని చెప్పడం లేదు, వస్తుందో రాదో తెలియదనీ చెప్పడం లేదు. రెండింటికీ ‘వచ్చు’ పెట్టేస్తే బెంజీన్ తేలికైపోతుంది.

స్టైరీన్‌కు మూడో రకం కూడా ఉంది. గర్భంలోని బిడ్డ విషయంలో హెచ్ 361డి. అక్కడ ఇంగ్లీషులోనే ‘అనుమానం’ అని ఉంది, దాన్ని అలాగే ఉంచండి. పెంచి చెప్పినా నమ్మకం పోతుంది.

తేటగీతి ప్రియ:
అయితే పై మెట్టు ‘మే’కు ‘గలదు’ పెట్టండి. ‘క్యాన్సర్ కలిగించగలదు’. శక్తి తెలుగులో ‘గల’లోనే ఉంది. ‘వచ్చు’ను కింది మెట్టుకు వదిలేయండి.

వరంగల్లు పంతులు:
‘గలదు’ అంటే మా దగ్గర బోర్డు భాష. ‘ఇచట టీ దొరకగలదు’ అన్నట్టు ఉంటది. పని చేసే మనిషి చదివితే ఎవరో మెచ్చుకుంటున్నట్టు కూడా అనిపిస్తది, ‘వాడు ఏదైనా చేయగలడు’ అంటం గద. నా మాట వింటే ‘క్యాన్సర్ తెచ్చే పదార్థం’ అని నామవాచకం చేసి పడేయండి. క్రియ లేకపోతే ‘వచ్చు’ తగాదా లేదు.

ఇంకో సంగతి. ‘వచ్చు’ మూలంల ‘వచ్చుట’నే. ‘నాకు ఈత వచ్చు’ అంటే ఈత నా దగ్గర ఉన్నదని. ‘తీయ వచ్చు’ అంటే తీయడం చేతికి వస్తదని. అనుమానం అర్థం తర్వాత ఎక్కింది అని నేననుకుంటున్న.

గోపాలపట్నం:
2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని మా ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది ఈ స్టైరీనే. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ట్యాంకులో నిలవుండి, లోపలే అణువులు గొలుసులుగా అతుక్కుని పాలిమర్‌గా మారుతూ వేడెక్కి, ఆవిరి ఊళ్ళోకి దిగింది. 12 మంది పోయారు. తర్వాత నేను చదివింది ఏమిటంటే, పీల్చడం విషయంలో స్టైరీన్ నాలుగో వర్గం, వాక్యం ‘పీలిస్తే హానికరం’, గుర్తు ఆశ్చర్యార్థకం. పుర్రె బొమ్మ కూడా లేదు. ‘హానికరం’ సిగరెట్టు పెట్టె మీద చూసే మాట. రోడ్డు మీద పడిపోయిన మనుషుల్ని చూసినవాళ్ళకు ఆ మాట ఎలా చాలుతుంది? భాష తెలిసినవాళ్ళు మీరు చెప్పండి.

ల్యాబు గది:
మీ ప్రశ్నకు తలవంచి జవాబు చెప్తాను. ఆ వర్గాలు మోతాదు మెట్లు. 4 గంటలు పీల్చిన ఎలుకల్లో సగం చచ్చిపోయే ఆవిరి లీటరు గాలికి ఎన్ని మిల్లీగ్రాములో చూస్తారు. 2 లోపు అయితే ‘ప్రాణాంతకం’, 2 నుంచి 10 అయితే ‘విషం’, 10 నుంచి 20 అయితే ‘హానికరం’. మొదటి రెండు మాటలకూ పుర్రె వస్తుంది, మూడోదానికి రాదు. స్టైరీన్ మూడో మాటలో పడుతుంది. డబ్బాలో ఎంత ఉంది, ట్యాంకులో ఎన్ని టన్నులు ఉంది, గాలి ఎటు వీస్తోంది అనేవి ఆ మాటకు తెలియవు. పదార్థం గుణం ఒకటి, జరిగే ముప్పు మరొకటి. ముప్పు కొలవడం ఫ్యాక్టరీ వాళ్ళ పని, ఆ పని చేయకపోతే ‘హానికరం’ అన్న పదార్థమే ప్రాణాలు తీస్తుంది.

పైగా తనంతట తను పాలిమర్ అయి వేడెక్కే గుణం మీరు గోడకు కడుతున్న రెండో విభాగంలో కనిపించకపోవచ్చు. పదో విభాగం, స్థిరత్వం గురించిన చోట వెతకండి. ఆ మార్పును ఆపే నిరోధకం కలిపారా, అది పని చేయడానికి కావలసిన గాలి అందుతోందా, ట్యాంకు చల్లగా ఉందా అన్నవి అక్కడే ఉంటాయి. దాన్ని కూడా గోడకెక్కించండి.

భాగవతం బామ్మ:
విషం మాట వచ్చింది కాబట్టి పోతన గుర్తొచ్చాడు నాయనా. ‘మ్రింగెడివాఁడు విభుం డని, మ్రింగెడిదియు గరళ మనియు, మే లని ప్రజకున్’. ఆ సర్వమంగళకు రెండూ తెలుసు. అది గరళమని తెలుసు, మింగేది ఎవరో తెలుసు. గుణమూ ముప్పూ అని ఆయనెవరో ఇప్పుడు విడదీశారు చూడండి, పోతన రెండు ‘అని’ల మధ్య అదే పెట్టాడు. గరళం గరళమే, మింగేవాణ్ణి బట్టి ఫలితం. వెంకటాపురం వాళ్ళు విభులు కారు గదా.

పాత ముద్రణలు:
బామ్మగారూ, అక్కడ ‘మే లని ప్రజకున్’లో ‘అని’ మూడోది. మూడు ‘అని’లు. మూడో దాని వల్లే ఆమె ‘మ్రింగు’మంది. పోతన మ్రింగు శబ్దాన్ని మూడు పాదాల మొదట పెట్టి నాలుగో పాదంలో ‘మంగళసూత్రం’ అనడం వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ‘మ్రింగు’ నుంచి ‘మంగ’కు వచ్చే ఆ మార్పు తెలుగులో ఇంకెవరికీ చేతకాదు.

తేటగీతి ప్రియ:
ఇంకెవరికీ అనకండి. తిక్కన ఉన్నాడు. ఆ చర్చకు వేరే చోటు కావాలి.

రెజిన్ షెడ్డు:
అందరికీ దండాలు. ప్రస్తుతానికి గోడ మీద ఇలా రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి:

‘ప్రమాదం. ఈ ద్రవానికీ దీని ఆవిరికీ నిప్పంటుకుంటుంది. పీలిస్తే హానికరం. చర్మం, కళ్ళు మండుతాయి. రోజూ పీలిస్తే వినికిడి దెబ్బతింటుంది. కడుపులో బిడ్డకు హాని చేస్తుందని అనుమానం ఉంది. మింగినది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం తీయగలదు.’

చివరి ‘గలదు’ ఒక్కటి ఉంచాను.

ల్యాబు గది:
మొదటి వాక్యానికి ఒకటి చేర్చండి. స్టైరీన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకునేంత లేచే కనీస వేడి) 31 డిగ్రీలు. అందుకే మండే ద్రవాల్లో 23 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండే మూడో వర్గంలో వేశారు, ‘అతి’ అనే మాట రెండో వర్గానికి ఉంది, దీనికి లేదు. కానీ ఎండాకాలంలో మన రేకుల షెడ్డు 31 దాటే ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే చాలు. ‘ఎండాకాలం షెడ్డు వేడికే దీని ఆవిరి అంటుకునేంత లేస్తుంది’ అని రాయండి, వర్గం సంఖ్య కంటే అది పనికొస్తుంది.

ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో స్టైరీన్‌ను 2బి నుంచి ఒక మెట్టు పైనున్న 2ఏకి మార్చింది. ఇంగ్లీషులో ‘పాసిబ్లీ’ నుంచి ‘ప్రాబబ్లీ’కి. ఈ రెంటికీ తెలుగులో రెండు మాటలు ఎవరైనా ఇస్తే మా షీట్లలోనూ వాడుకుంటాను.

వరంగల్లు పంతులు:
‘అయితదేమో’, ‘అయ్యేటట్టే ఉన్నది’. ఇంతకన్న తేట మాటలు నాకు దొరకలే.

సంస్కృతం మాస్టారు:
‘శంకనీయం’, ‘సంభావ్యం’.

తేటగీతి ప్రియ:
మాస్టారి మాటలు షెడ్డులో ఎవరికి అర్థమవుతాయి? పంతులుగారివి బాగున్నాయి. రెండోది ‘బహుశా అవుతుంది’ అన్నా నడుస్తుంది.

పాత ముద్రణలు:
‘బహుశా’ అంటే మనవాళ్ళు ‘ఏమో’ అనే అర్థం చేసుకుంటారు. సంస్కృతంలో ‘ఎక్కువగా, పలుమార్లు’ అని. అది పెడితే 2ఏ వెనక్కి 2బికి పోతుంది.

అది అటుంచి, మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ‘ద్రావ’కు నా ఓటు చెప్పాను. మూడో పాదంలో ‘సాధింపవచ్చు’ను ‘సాధించవచ్చు’ అని వల్లించేవాళ్ళూ ఉన్నారు, అదీ ఇదే జబ్బు. ఇదే శ్లోకాన్ని ఏలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా తెలుగు చేశారు కదా, వాళ్ళు ‘త్రాగవచ్చు’ అనే ‘పిబేత్’ను ఎలా దించారు, చివర ‘వచ్చు’ వాడారా? పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళు ఆ రెండు పద్యాలూ ఇక్కడ పెట్టండి.