గొట్టంలో ఇరుక్కున్న పెల్లెట్: కడ్డీ చేయించుకోవాలా, కొనుక్కోవాలా?

కృష్ణలంక నాన్న:
మా అమ్మాయి విజయవాడలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. మొన్న సాధనలో సిలిండర్‌లో గాలి తగ్గిపోయి పెల్లెట్ (చిన్న సీసపు గుండు) గొట్టం మధ్యలో ఆగిపోయింది. దాన్ని తోయడానికి సరైన కడ్డీ అక్కడ ఎవరి దగ్గరా లేదు. ఆటోనగర్‌లో లేత్ మీద చేయించుకుంటే సరిపోతుందా, కంపెనీది తెప్పించుకోవాలా? ఏ లోహం వాడాలి? ఎంత మందం ఉండాలి?

ఆటోనగర్ లేత్:
నిశ్చింతగా చేయించుకోండి. గొట్టం లోపలి కొలత 4.5 మి.మీ. కాబట్టి 4 మి.మీ. ఇత్తడి కడ్డీ తీసుకోండి. గొట్టం కన్నా జానెడు పొడవు ఎక్కువ ఉండాలి. కొనేముందు గాజు బల్ల మీద దొర్లించి చూడండి, వంకర ఉంటే అక్కడే తెలిసిపోతుంది. కొసను చదునుగా కోయించి, అంచు పదును మాత్రం తీయించండి. ఇనుప కడ్డీ వద్దు, గుండును తిప్పే లోపలి గాడుల అంచులు గీరుకుపోతాయి. చెక్క పుల్ల అసలే వద్దు. ఒత్తిడికి ఏటవాలుగా చీలి, ఆ చీలిక మేకులా గొట్టంలో బిగుసుకుంటుంది. అప్పుడు పెల్లెట్‌తో పాటు పుల్లను కూడా తీయాల్సి వస్తుంది.

అరండల్‌పేట:
మేము సైకిల్ చువ్వతో తోసేస్తాం. ఇంతవరకు ఏమీ కాలేదు.

గుంటూరు కోచ్:
లోహం గురించి ఇంత చర్చ దేనికి? ఎటువైపు నుంచి తోస్తారన్నది అసలు సంగతి. పెల్లెట్‌కు ముందు తల, మధ్యలో సన్నని నడుము, వెనుక బోలుగా ఉండే పావడా ఉంటాయి. గాలి ఒత్తిడికి ఆ పావడా విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. వెనుక నుంచి సన్న కడ్డీ పెట్టి పొడిస్తే అది బోలులోకి దూరి పావడాను ఇంకా విప్పుతుంది. పెల్లెట్ మరింత బిగుసుకుంటుంది. అందుకే మూతి (గుండు బయటికొచ్చే కొస) వైపు నుంచి, తల మీద ఆనించి, ఒకే ఒత్తిడితో నెమ్మదిగా తోయాలి. కానీ మూతి అంచు అన్నిటికన్నా సున్నితమైనది. అక్కడ చిన్న నొక్కు పడినా పెల్లెట్ బయటపడే క్షణంలో గాలి ఒక పక్కకు ఎక్కువగా తప్పించుకుంటుంది. ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. ఆ నొక్కుతో ఆ చుక్కను ఎలా కొడతారు? కంపెనీ కడ్డీకి పైపూత, మూతికి తొడుగు ఉంటాయి. లేత్ మీద చేసిన వట్టి కడ్డీకి ఏముంటుంది?

ఆటోనగర్ లేత్:
తొడుగే కావాలంటే నైలాన్‌తో బుష్ తిప్పి ఇస్తాను. మధ్యలో 4 మి.మీ. రంధ్రం, బయట మూతికి సరిపోయే మెట్టు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. అరండల్‌పేట గారూ, మీ చువ్వ సుమారు 2 మి.మీ. స్టీలు. నెట్టగానే లోపల విల్లులా వంగి గోడలకు రాసుకుంటుంది. ఏమీ కాలేదంటున్నారు, గొట్టంలోకి దీపం వేసి చూశారా?

గుంటూరు కోచ్:
బుష్ తిప్పడం వచ్చినవారందరికీ తుపాకీ తెలిసినట్టు కాదు. సిలిండర్ విప్పి, గాలి ఖాళీ చేశాకే కడ్డీ ముట్టుకోవాలని మీరు ఒక్క మాటైనా చెప్పలేదు. లోపల గాలి ఉండగా మూతిలో కడ్డీ పెట్టి, పొరపాటున ట్రిగ్గర్ కదిలితే ఆ కడ్డీయే గుండవుతుంది. కొలతలు మాత్రం వివరంగా చెప్పారు.

ఆటోనగర్ లేత్:
వారు అడిగిందే కొలతలు. అడిగినదానికి జవాబు చెప్పాను. మా నాన్నగారి కాలం నుంచి ఈ పనిలో ఉన్నాం. పనివాడికి బుర్ర ఉండదని కోచ్ గారు అనుకుంటే నేను ఇక రాయను.

బందరు రోడ్డు:
గాలితో కాక మందుతో పేలే పాయింట్ 22 రైఫిల్ వాడేవారికి ఒక మాట. మందు సరిగా అంటుకోకపోతే చప్పుడు మందంగా వస్తుంది, గుండు గొట్టంలోనే ఉండిపోతుంది. అది చూసుకోకుండా రెండోది పేల్చితే గొట్టం ఉబ్బుతుంది, పగలనూవచ్చు. చప్పుడు తేడాగా ఉంటే ఆగిపోండి. వెనుకది ముందుదాన్ని తోసేస్తుందని ఎవరు చెప్పినా వినకండి.

కృష్ణలంక నాన్న:
నేను కడ్డీ గురించి అడగడానికి కారణం ఇప్పుడు చెబుతాను. ఆ రోజు మా అమ్మాయి చేయి పైకెత్తి నిలబడింది. అక్కడి కోచ్ ఫోనులో ఉన్నారు. పక్కనున్న పెద్ద కుర్రాడు సాయం చేస్తానని చువ్వ పెట్టి పొడిచాడు. పెల్లెట్ వచ్చింది, గొట్టం లోపల గీత పడింది. తుపాకీ క్లబ్బుది. మరమ్మతు ఖర్చు నన్ను కట్టమన్నారు. కట్టాను. రేంజ్‌లో ఒక ఇత్తడి కడ్డీ ఉంచనివారు నాకు జాగ్రత్త గురించి ఎలా చెబుతారు?

అరండల్‌పేట:
అది అన్యాయం. పొడిచినవాడు కట్టాలి కదా?

గుంటూరు కోచ్:
మీ బాధ అర్థమైంది నాన్నగారూ, ఆ క్లబ్బు చేసింది తప్పే. కానీ దానికి మందు ఇంటింటికీ కడ్డీ కాదు. పాయింట్ 177 కాలిబర్ (అంటే ఆ 4.5 మి.మీ. గొట్టమే), 20 జూళ్లలోపు శక్తి ఉంటే లైసెన్సు అక్కరలేదు కాబట్టి చాలామంది తల్లిదండ్రులు దీన్ని బొమ్మ అనుకుంటున్నారు. పిల్లల సంచిలో కడ్డీ ఉంటే ఇరుక్కున్న ప్రతిసారీ వాళ్లే పొడుస్తారు. తుపాకీ లోపలికి వెళ్లే ఏ పనిముట్టైనా కోచ్ చేతిలోనే ఉండాలి. నా అభ్యంతరం ఆదినుంచీ ఇదే.

ఆటోనగర్ లేత్:
అయితే మొదటే ఆ మాట అనాల్సింది. ఇత్తడి తప్పు, లేత్ తప్పు అని ఎందుకు తిప్పారు? రాయనన్నాను గానీ ఇది విన్నాక ఊరుకోలేను. పనిముట్టును దాచిపెడితే అవసరం వచ్చినవాడు చేతికందిన ఇనుపముక్క తీసుకుంటాడు. ఆ రోజు జరిగింది అదే కదా?

కృష్ణలంక నాన్న:
లేత్ గారు నా మనసులో మాట చెప్పారు. కోచ్ గారూ, గాలి ముందు ఖాళీ చేయాలి, మూతి వైపు నుంచి తోయాలి అన్న రెండు మాటలూ నాకు పనికొచ్చాయి. అవే మా అమ్మాయికి నేర్పండి. తుపాకీ పేల్చడం నేర్పే వయసు వచ్చిందని మీరే ఒప్పుకున్నప్పుడు, దాన్ని ఖాళీ చేయడం నేర్పే వయసు రాలేదంటే ఎలా?

గుంటూరు కోచ్:
ఖాళీ చేయడం నేర్పుతాను. తోయడం మాత్రం నా ఎదుటే. కడ్డీ, నైలాన్ బుష్ రేంజ్ గోడకు తగిలించండి, పెట్టెకు తాళం ఉండాలి.

కృష్ణలంక నాన్న:
తాళానికి ఒప్పుకోను. ఆ పూట రేంజ్‌లో బాధ్యత ఎవరిదో వారి చేతిలో కడ్డీ ఉండాలి, వారి పేరు గోడ మీద రాసి ఉండాలి. లేత్ గారూ, రెండు కడ్డీలు, రెండు బుష్‌లు చేయండి. సోమవారం ఆటోనగర్ వస్తాను, మూతి కొలత తీసుకొచ్చి ఇస్తాను.