సంగీత తరగతి, వ్యాయామ తరగతి: ఉద్యోగం చేస్తూ ఒకే టర్మ్‌లో రెండూ సాగించడం ఎలా?

ప్రశ్న: షడ్జమం (హనుమకొండ)

నా వయసు 43. నక్కలగుట్టలో ఒక కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు ఇంట్లో వీలుపడక వదులుకున్న కర్ణాటక గాత్రం ఇప్పుడైనా నేర్చుకోవాలని ఈ జూన్‌లో సంగీత కళాశాల సాయంత్రం తరగతిలో చేరాను. సరిగ్గా అదే నెలలో రక్తపరీక్ష చేయిస్తే షుగర్ హద్దు మీద ఉందని తేలింది. దాంతో డాక్టరు గారి సలహా మీద ఉదయం ఆరు గంటల వ్యాయామ బ్యాచ్‌లో కూడా చేరాను. సంగీతం సోమ, బుధ, శుక్రవారాలు. వ్యాయామం ఆదివారం తప్ప రోజూ.

సమయం ఎలాగో సర్దుకుంటున్నాను కానీ ఒంటితోనే ఇబ్బందిగా ఉంది. సోమవారం ఉదయం గుంజీల వంటి వ్యాయామాలు చేయించారంటే, సాయంత్రం బాసింపట్టు వేసుకుని కూర్చునేసరికి తొడలు వణుకుతాయి. ఆది తాళం వేసే ప్రతి దెబ్బా ఆ నొప్పి మీదే పడుతుంది, దాంతో రెండవ కాలంలోకి (రెట్టింపు వేగంలోకి) రాగానే లెక్క తప్పుతుంది. బరువులు ఎత్తించిన రోజున గొంతు బొంగురుపోయి తారస్థాయి షడ్జమం (పై స) అందడం లేదు. దసరా సెలవుల లోపు జంట వరుసలు (స్వరాలను జంటలుగా పలికే పాఠాలు) పూర్తి చేయాలని గురువు గారు అన్నారు. వ్యాయామం మానే వీలు లేదు, సంగీతం మానే మనసు లేదు. ఈ దారిలో నడిచినవారు ఎలా అమర్చుకున్నారో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: పాత విద్యార్థి (కాజీపేట)

అమ్మా, నేను కూడా ఉద్యోగం చేస్తూనే, నలభై దాటిన తరువాత గాత్రం నేర్చుకున్నాను. మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ఏమిటంటే, వారమంతా వదిలేసి ఆదివారం రెండు గంటలు ఏకబిగిన సాధన చేయడం. గొంతు అలసిందే తప్ప స్వరం నిలబడలేదు. పూటకు పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండు పూటలు పాడడం మొదలుపెట్టాకే మార్పు వచ్చింది. ఉదయం వ్యాయామానికి బయలుదేరే ముందు, శ్రుతి పెట్టుకుని మంద్రస్థాయిలో (కింది స్వరాల్లో) మెల్లగా అకార సాధన, అంటే ‘ఆ’ అంటూ పాడడం మాత్రమే చేయండి. ఆ వేళలో తారస్థాయి జోలికి పోవద్దు.

మరొక మాట. పురందరదాసులవారు ప్రారంభ పాఠాలకు మాయామాళవగౌళను ఎంచుకున్నారని సంప్రదాయం చెబుతుంది. 15వ మేళకర్త (మూల రాగం) అయిన ఈ రాగంలో స-రి-గ-మ మధ్య ఎంతెంత దూరాలు ఉన్నాయో ప-ద-ని-స మధ్య కూడా అంతంతే ఉంటాయి. అందువల్ల తీరిక తక్కువగా ఉన్న రోజున కింది సగం ఒక్కటే శుద్ధంగా పాడుకున్నా, పై సగానికి చెవి తయారవుతూనే ఉంటుంది. గొంతు బొంగురుపోయిన నాడు పై షడ్జమం కోసం బలవంతం చేయకుండా ఇలా సగంతో సరిపెట్టుకోండి.

సమాధానం 2: శిక్షకురాలు (వరంగల్)

అక్కా, నేను ఆడవాళ్లకు వ్యాయామం నేర్పుతాను. మీ గొంతు బొంగురుపోవడానికి కారణం చాలావరకు ఊపిరి బిగబట్టడమే అయి ఉంటుంది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే స్వరతంత్రులు గట్టిగా మూసుకుని ఒత్తుకుంటాయి. మూలుగుతూ ఎత్తినా, పాటల హోరులో అంకెలు అరిచి లెక్కపెట్టినా ఆ ఒత్తిడి మరింత పెరుగుతుంది. ఎత్తేటప్పుడు నోటితో ఊపిరి వదలండి, దించేటప్పుడు తీసుకోండి. అలా ఎత్తలేని బరువైతే తగ్గించమని మీ కోచ్‌ను అడగండి. లెక్క మనసులోనే పెట్టుకోండి. ఇంత చేసినా రెండు, మూడు వారాలకు బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు తప్పకుండా చూపించుకోండి.

ఇక రోజుల సంగతి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే బరువులు రోజూ అక్కరలేదు. వాటిని మంగళవారం, శనివారం పెట్టుకోండి. సంగీతం ఉన్న రోజుల్లో అరగంట వేగంగా నడవండి, గురువారం ఒక గంట నడవండి. 150 నిమిషాలు నిండుతాయి. తొడల నొప్పి సాధారణంగా మరునాడు, ఆ మరునాడు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మంగళవారం కాళ్లకు బదులు చేతులు, వీపు, భుజాలకు చేయించమని అడగండి. కాళ్ల వ్యాయామం శనివారం చేస్తే సోమవారం సాయంత్రానికి కొంత తేలికపడుతుంది. రాత్రి భోజనం తరువాత పది నిమిషాలు నడిస్తే షుగర్‌కు కూడా మేలు.

సమాధానం 3: కట్ట మీద నడక (హనుమకొండ)

నడకను తాళానికి వాడుకోవచ్చని చేర్చాలనుకుంటున్నాను. భద్రకాళి బండ్ మీద నేను అడుగుకు ఒక అక్షరం (తాళంలో ఒక లెక్క) చొప్పున నడుస్తాను. ఎనిమిది అడుగులకు ఆది తాళం ఒక ఆవర్తనం (ఒక చుట్టు) పూర్తవుతుంది. అడుగుకు ఒక స్వరమైతే మొదటి కాలం, రెండైతే రెండవ కాలం, నాలుగైతే మూడవ కాలం. పైకి పాడకుండా మనసులోనే అనుకోవాలి, లేకపోతే ఆయాసం వస్తుంది. కాలం మారినప్పుడు నడక వేగం మారకూడదు. నాకు లయ కుదిరింది తరగతిలో కన్నా ఆ కట్ట మీదే.

షడ్జమం (రెండు వారాల తరువాత)

అందరికీ నమస్కారాలు. బరువులు మంగళ, శనివారాలకు మార్చుకున్నాను, ఊపిరి వదులుతూ ఎత్తుతున్నాను. గొంతు బొంగురుపోవడం చాలా తగ్గింది, రెండవ కాలం నడకలో కుదిరి తరగతిలో కూడా నిలబడుతోంది. జంట వరుసలు మాత్రం ఇంకా లొంగలేదు. స-స, రి-రి అన్నప్పుడు రెండవ స్వరాన్ని నొక్కి పలకాలి కదా. పొట్ట వ్యాయామం చేసిన మరునాడు ఆ నొక్కు కడుపు నుంచి రాక గొంతు మీద పడుతోంది. బతుకమ్మ తొమ్మిది రోజుల గురించి కూడా ఆలోచిస్తున్నాను. వేయి స్తంభాల గుడి దగ్గర గంటసేపు వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ, గొంతెత్తి పాడతాం.

శిక్షకురాలు

పొట్ట వ్యాయామం కూడా శనివారానికే మార్చండి అక్కా, సోమవారం లోపు ఒక రోజు విశ్రాంతి దొరుకుతుంది. బతుకమ్మ ఆడే రోజుల్లో నడక లెక్క ఆటలోనే తీరిపోతుంది, బరువులు కూడా ఆ తొమ్మిది రోజులు పక్కన పెట్టండి. పాటకు మాత్రం మీ శ్రుతిలో ఎత్తుకునే వారి పక్కన నిలబడండి.