ఉద్యోగుల డైరెక్టరీ అందరికీ తెరిచి ఉంచాలా, మూసేసి కావలసినంతే చూపాలా?

కొండమీద అడ్మిన్ (ఋషికొండ):
మా ఆఫీసులో ఓపెన్‌ఎల్‌డాప్ సర్వరు, అంటే ఉద్యోగుల వివరాలు పెట్టుకుని, అడిగిన యాప్‌లకి ఇచ్చే డైరెక్టరీ. పేరు, మెయిలు, ఇంటి ఫోను, ఇంటి అడ్రసు అన్నీ అందులోనే. లాగిన్ లేకుండానే ఎవరైనా చదివేయొచ్చు. పెట్టినాయన ఎవరు ఏది చూడొచ్చో చెప్పే యాక్సెస్ రూల్సే రాయలేదు, రాయకపోతే డిఫాల్టు అదే. మొన్న క్యాంటీన్ యాప్ రాసే కుర్రాడు టెస్టింగ్‌కి తీసిన లిస్టులో మా మేడం ఇంటి నంబరు కనబడింది. అంతా మూసేసి, ఏ యాప్‌కి ఏది కావాలో అదే తెరుద్దామని నేనంటున్నాను. టీములో సగంమంది వద్దంటున్నారు.

గాజువాక గిరి:
వద్దు బాబూ. మేం ఒకసారి అలాగే మూసేశాం. సోమవారం పొద్దున్న ఒక్కడికీ లాగిన్ అవలేదు! యాప్ ముందు యూఐడీతో (లాగిన్ పేరుతో) మనిషిని వెతుకుతుంది, దొరికాక పాస్‌వర్డ్‌తో బైండ్ అవుతుంది, అంటే సర్వరులోకి ఆ మనిషిగా లాగిన్ అవుతుంది. వెతకడమే ఆపేస్తే ఇంకేటి మిగిలింది? స్కానర్లలో అడ్రస్ బుక్ కూడా ఖాళీ. ఇంటి ఫోను ఒక్కటీ దాచండి, చాలు. నన్నడిగితే అదీ దాచక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎవరింట్లో ఎలా ఉందో కనుక్కోడానికి ఆ నంబర్లే కదా దిక్కు.

సిరిపురం సీనియర్:
హుద్‌హుద్ రోజు సిగ్నలే లేదు కదా గిరిగారూ, నంబరు పట్టుకుని ఏం చేశారు? ఆ పని హెచ్‌ఆర్‌ది. వాళ్లకో గ్రూపు పెట్టి రీడ్ ఇస్తే సరి.

అడ్మిన్‌గారూ, ఫోను సంగతి తర్వాత. రూల్సే లేవంటే పాస్‌వర్డ్ హ్యాష్‌లు (గిలక్కొట్టి దాచిన పాస్‌వర్డులు) కూడా బయటే ఉన్నాయి. ఈ రాత్రికే దాని మీద రూలు రాయండి: ఎవరిది వాళ్లకి రైట్ (మార్చుకునే వీలు), అనానిమస్‌కి (ఇంకా లాగిన్ అవనివాళ్లకి) ఆథ్, అంటే చదవకుండా లాగిన్‌లో సరిచూసుకునే వీలు మాత్రం, తక్కినవాళ్లకి ఏమీ లేదు. ఆ ఆథ్ మర్చిపోతే గిరిగారి సోమవారం మీకూ వస్తుంది.

వరస కూడా చూసుకోండి. సర్వరు పైనుంచి చదువుతూ మొదట సరిపోయిన రూలు దగ్గరే ఆగిపోతుంది. ఒకచోట 'అన్నీ అందరికీ రీడ్' అన్నది పైన, ఇంటి ఫోను రూలు కింద. ఆ కింది రూలు మొహం సర్వరు ఎప్పుడూ చూడలేదు. పైగా వాళ్లు టెస్ట్ చేసింది రూట్‌డీఎన్‌తో, అంటే సర్వరు పెద్ద అడ్మిన్ ఖాతాతో! దానికి ఏ రూలూ అడ్డురాదు. ఏ ఖాతాకి ఏది కనబడుతుందో చెప్పే స్లాప్‌ఏసీఎల్ కమాండ్‌తో చూసుకోవాలి.

గాజువాక గిరి:
సరే, రీడ్ తీసేసి సెర్చ్ ఉంచితే? నంబరు కనబడదు, వెతుకులాట ఆగదు.

సిరిపురం సీనియర్:
అదే అసలు బొక్క. ఫిల్టరులో (వెతికే షరతులో) ఇంటి ఫోను 9 తర్వాత నక్షత్రం గుర్తు (*, అంటే తర్వాత ఏదైనా సరే) పెట్టి అడుగుతాడు, ఆ మనిషి ఎంట్రీ వస్తుంది. 94 అంటాడు, రాదు. 98 అంటాడు, వస్తుంది. ఒక్కో అంకే పట్టుకుంటూ పోతే పది అంకెలూ చేతికొస్తాయి. దాచాలంటే సెర్చ్ కూడా తీసేయాల్సిందే.

కొండమీద అడ్మిన్:
ఇది నాకు తట్టలేదు గురువుగారూ. యాప్‌కో ఖాతా ఇచ్చి, దానితోనే వెతకమంటాను. పాత స్కానర్లకి బైండ్ అవడమే రాదు, వాటి ఐపీ (నెట్‌వర్క్) అడ్రసులకి పేరు, మెయిలు మాత్రం రీడ్ ఇస్తాను.

గాజువాక గిరి:
ఆ ఐపీ ఇంకెవడైనా పెట్టుకుంటే?

కొండమీద అడ్మిన్:
పెట్టుకోనీండి. దొరికేది పేరూ మెయిలే, అవి మా విజిటింగ్ కార్డు మీదా ఉన్నాయి.

గాజువాక గిరి:
నాకింకా నచ్చలేదు. చేస్తే చెయ్యండి గానీ, సోమవారం మాత్రం వద్దు.