యాక్సిడెంటు క్లెయిము: పర్సంటేజీ వకీలా, ఫీజు వకీలా?

గోదారిగట్టు:
లారీ గుద్ది కుడికాలు విరిగిన ఆటోడ్రైవరు, వయసు 30. ఆస్పత్రి మంచం దగ్గరికే ఒకాయన వచ్చి "ముందు పైసా వద్దు, వచ్చినదాంట్లో 25 శాతం" అని వకాలత్‌నామా మీద సంతకం అడుగుతున్నాడు. పెట్టొచ్చా?

వకీలుగుమాస్తా:
వద్దు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలకే విరుద్ధం. పైగా మంచం దగ్గరికొచ్చేది చాలాసార్లు వకీలు కాదు, ఏజెంటు.

ఓరుగల్లు:
నిబంధన పుస్తకంల ఉంటది అన్నా. ఆటో ఆగినోడు ముందుగాల ఫీజు ఏడికెళ్లి తెస్తడు?

మాచర్లమిర్చి:
ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి బాబూ.

కృష్ణలంక:
ఇద్దరూ ఫీజు పట్టుకుని వేలాడుతున్నారు. లెక్క చూడండి. నెలకు 15 వేల ఆదాయం రుజువైతే ఏడాదికి 1,80,000. సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పు (2017) ప్రకారం 40 ఏళ్లలోపు సొంత పనివాడికి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 2,52,000. 30 ఏళ్లకు మల్టిప్లయర్ (వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని గుణించే అంకె) 17. మొత్తం 42,84,000. ఇందులో ఎంతొస్తుందన్నది వైకల్యం శాతాన్ని బట్టి. 20 అంటే 8,56,800, 40 అంటే 17,13,600.

సుప్రీంకోర్టుదే రాజ్‌కుమార్ తీర్పు (2011) చూసేది వైకల్యం సర్టిఫికెట్టులో అంకెను కాదు, సంపాదనకు పడిన దెబ్బను. ఆటోకి ఫుట్ బ్రేకు కుడికాలితోనే. మోకాలు వంగకపోతే బండి నడవదని డాక్టరు బోనెక్కి చెప్పాలి. డాక్టర్ని పిలవకుండా సర్టిఫికెట్టు ఒక్కటే దాఖలు చేసి ఊరుకుంటే అవతలి ఇన్సూరెన్సు వకీలు దాన్ని కొట్టిపారేస్తాడు. కాబట్టి వకీలుని అడగాల్సింది: డాక్టర్ని సాక్షిగా పిలుస్తారా? ఆదాయానికి ఏం దాఖలు చేస్తారు? ఫైనాన్సు కిస్తీల రసీదులు, పర్మిట్టు, బ్యాంకు స్టేట్‌మెంటు ఇప్పుడే పోగేయండి.

వకీలుగుమాస్తా:
లెక్క బాగుంది. 17 లక్షల్లో 25 శాతం అంటే నాలుగు లక్షల పైమాటే. దానికి జవాబు?

ఓరుగల్లు:
నీ ఫీజు పోతదనేగా నీ బాధ?

వకీలుగుమాస్తా:
మర్యాద! ఏజెంట్లని వెనకేసుకొస్తున్నది నువ్వు. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా, మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితిలో ఉంటే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ (డీఎల్‌ఎస్‌ఏ) ఉచితంగా వకీలుని ఇస్తుంది. ఆ మాట ఏజెంటు చెప్తాడా? వాడు రాజీతో కేసులు ముగించే లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్సు కంపెనీ ఎంతంటే అంతకు కేసు తెంపేసి వాటా తీసుకుపోతాడు.

ఓరుగల్లు:
తెంపుతే తప్పేంది? వడ్డీకి తెచ్చి ఆపరేషన్ చేయించుకున్నోడు ఏండ్లకేండ్లు ఆగాల్నా? తీర్పొచ్చినా కంపెనీ హైకోర్టుకు పోతది. చేతికొచ్చిన ఐదు లక్షలు మేలు.

కృష్ణలంక:
ఇదీ అసలు గొడవ, పర్సంటేజీ కాదు. లోక్ అదాలత్ అవార్డుకి అప్పీలు లేదు. ప్రమాద పరిహారం కేసులు వినే ట్రైబ్యునల్ తీర్పు తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. రాజీ పడితే పడండి, కానీ డాక్టరు సాక్ష్యం అయ్యాక. అప్పటిదాకా కంపెనీ చెప్పేది బేరం మొదటి మాటే. వాటా మీద పనిచేసేవాడికి అంతవరకు ఆగే ఓపిక ఉండదు, అదే నా అభ్యంతరం.

ఓరుగల్లు:
అప్పటిదాకా కిస్తీలు నువ్వు కడ్తవా?

గోదారిగట్టు:
క్లెయిము వేయడానికి గడువు ఎంత?

వకీలుగుమాస్తా:
2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు. గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అయితే అది మధ్యంతర ఉత్తర్వు, నమ్ముకోవద్దు. వైకల్యం సర్టిఫికెట్టు కోసం ఆగకండి, పిటిషన్ వేసేయండి, అది తర్వాత దాఖలు చేయొచ్చు. ప్రమాదం ఎక్కడో జరిగినా మీరుండే ఊరి పరిధిలోని ట్రైబ్యునల్‌లో వేయొచ్చు. ఎంవీఓపీ నంబరు (మీ పిటిషన్ నంబరు) తీసుకుని ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో వాయిదాలు మీరే చూసుకోండి.

ఓరుగల్లు:
ఆ డీఎల్‌ఎస్‌ఏ ఆఫీసు ఏడుంటదో చెప్పు ముందు.

వకీలుగుమాస్తా:
జిల్లా కోర్టు ఆవరణలో అడగండి. ఆధార్, ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకెళ్లండి.