ఏజెంట్లు అలిపిరి మెట్లెక్కడం లేదు, ఎవరైనా చూసినారా?

చంద్రగిరి_కోట: యూనిటీలో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తిరుమల కొండెక్కే అలిపిరి దారి కట్టినా. భక్తుల ఏజెంట్లు (కంప్యూటర్ నడిపే బొమ్మలు) మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. మండపం కూర్చోవడానికని వాళ్లకు తెలియదు. రూల్స్ రాయాలా, ఎల్‌ఎల్‌ఎం (చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్) పెట్టాలా? వాళ్లు చూసింది గుర్తుపెట్టుకునే సంగతేంది?

పీలేరు_టమోటా: నావ్‌మెష్‌లో (ఏజెంట్లు నడవగలిగే చోట్ల పటం) స్టెప్ హైట్ చూడు. మెట్టు అంతకంటే ఎత్తుంటే ఏజెంటుకు అది గోడే. మెట్ల మీద ర్యాంప్ పరిచి ఆ పటాన్ని మళ్లీ బేక్ చెయ్ (తిరిగి తయారుచెయ్).

కొండకింద_గేమర్: 2000లో వచ్చిన గేమ్ ది సిమ్స్‌లో ఫ్రిజ్జే చెబుతుంది, నా దగ్గరికొస్తే ఆకలి తీరుతుందని. మండపానికీ అట్లే రాసిపెట్టు అన్నా. కొత్త వస్తువు పెట్టినా ఏజెంటు కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

రేణిగుంట_రన్‌వే: అదేం తెలివి? బోర్డు చదివి నడిచే బొమ్మ. మీరు ఇంటర్ చదివేనాటికే నేను సిమ్యులేషన్లు చేస్తున్నా. 2005లో ఎఫ్.ఇ.ఎ.ఆర్. గేమ్ సైనికులు సొంతంగా ప్లాన్ వేసుకునేవాళ్లు. ప్రతి పనికీ ముందు షరతు, తర్వాత ఫలితం. మూలం షేకీ అనే పాత రోబో నాటి స్ట్రిప్స్ అనే ప్లానింగ్ పద్ధతి, 1971.

కొండకింద_గేమర్: ఆ సైనికులకున్న స్థితులు మూడే సార్: వెళ్లడం, యానిమేషన్ ఆడించడం, స్మార్ట్ ఆబ్జెక్ట్ (ఆ ఫ్రిజ్ లాగా తన వాడకం తానే చెప్పే వస్తువు) వాడటం. మూడోదాని పేరు మళ్లీ చదవండి.

రేణిగుంట_రన్‌వే: అవి ఒళ్లు కదిలించడానికి. ఏది ఎప్పుడో తేల్చేది ప్లానర్. తెలియకపోతే అడుగు, ఎగతాళి వద్దు.

శ్రీవారిమెట్టు_నడక: అలిపిరే ఎందుకబ్బా? 3,550 మెట్లు! మా శ్రీవారిమెట్టు దారిలో 2,388తో అయిపోతుంది.

పీలేరు_టమోటా: గాలిగోపురం దాటితే చాలాదూరం చదునే కదా. మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గరే ఊపిరాడదు.

శ్రీవారిమెట్టు_నడక: మోకాళ్లకు ర్యాంప్ పరుస్తావా?

మదనపల్లె_రాత్రిబస్సు: 2023లో స్టాన్‌ఫర్డ్, గూగుల్ వాళ్లు 25 మంది ఏజెంట్లతో ఒక ఊరు కట్టినారు. ఊరు, ఇల్లు, గది, వస్తువు అని లోకమంతా చెట్టులా రాసినారు. ఎవరికి వాళ్లు చూసిన కొమ్మే తెలుసు. అక్కణ్నుంచి వెళ్లినాక ఏం మారిందో, తిరిగొచ్చి చూస్తేనే తెలిసేది. నువ్వేమో అందరికీ మ్యాపంతా ఇచ్చేసి ఉంటావు.

కొండకింద_గేమర్: అందులోనే ఒకరికే సరిపోయే హాస్టల్ బాత్రూంలోకి ఇంకొకరు దూరినారు. పేరులో ‘ఒకరికే’ అని లేకపోవడమే కారణం. బోర్డు కావాల్సొచ్చిందా లేదా సార్?

రేణిగుంట_రన్‌వే: నీతో వాదన నావల్ల కాదు.

చంద్రగిరి_కోట: ర్యాంప్ పనిచేసింది. ఇప్పుడు అందరూ మొదటి మండపంలోనే కూలబడి లేవడం లేదు.

పీలేరు_టమోటా: అలసట తగ్గేకొద్దీ మండపం పిలుపు బలం తగ్గించు. నిండితే ‘చోటు లేదు’ అని అదే చెప్పాలి.